తాళము తీసినవాడు – తాళము వేసినవారు

విద్య దొంగలెత్తుకొనిపోలేని ధనమని మన పెద్దలు చెప్పుచు వచ్చిరి. పంచిపెట్టినకొలది పెరుగునే గాని తరుగదనియు వారే చెప్పిరి. అట్టి ధనమును దొంగిలించినాడని యొక యువకునిపై అమెరికా సంయుక్తరాష్ట్రముల ప్రభుత్వము 2011వ సంవత్సరమున నేరము మోపెను. ఆ యభియోగము విచారణకు రాకమునుపే, 2013 జనవరి 11వ తేదీన, 26 ఏండ్ల ప్రాయమున, ఆతడు తన ప్రాణమును తానే తీసికొనెను. ఆతని పేరు ఆరన్ స్వార్ట్జ్. ఆతడు చేసిన కార్యమునకు రంగస్థలమైనది లోకమున పేరెన్నికగన్న విద్యాపీఠములలో నొకటియగు మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ, సంక్షేపముగ ఎం.ఐ.టి.

పుష్కరకాలము గడచినను ఈ కథ పాతబడలేదు. మన తెలుగు బిడ్డలు వేలకొలదిగ అమెరికా విశ్వవిద్యాలయములలో చదువుచున్నారు. విద్యాలయపు కంప్యూటరు నెట్‌వర్కును ఎట్లు వాడవలెనో, దానితో నేమి చేయరాదో తెలుపు నిబంధనలు అచట నుండును. వానిని చదువకయే సమ్మతి తెలుపువారే పెక్కండ్రు. ఇక మన దేశముననో, పరిశోధన వ్యాసములను వెల లేక యందించు సై-హబ్ అను వెబ్‌సైటును అడ్డగింపవలసినదని ఢిల్లీ హైకోర్టు 2025 ఆగస్టులో ఉత్తరువు చేసెను. విజ్ఞాన భాండారమునకు తాళమెవరు వేయవలెను, అడుగక దానిని తీసినవానిని ఏమి చేయవలెను అను ప్రశ్న మన గుమ్మమునకే వచ్చి నిలిచినది.

విశ్వవిద్యాలయపు నెట్‌వర్కునకును, చట్టము నిషేధించిన పంపకమునకును గల సంబంధము స్వార్ట్జుతో మొదలైనది కాదు. 1994లో ఈ ఎం.ఐ.టి.లోనే యొక విద్యార్థి విద్యాలయపు కంప్యూటరులనే యంగడిగ చేసికొని, వెలగల సాఫ్ట్‌వేరును ఎల్లరకును ఉచితముగ పంచిపెట్టెనని ప్రభుత్వము అభియోగము తెచ్చెను. ఆతడు ఒక్క కాసైనను పుచ్చుకొనలేదు. లాభాపేక్ష లేనిచో నాటి కాపీరైటు చట్టము ప్రకారము అది క్రిమినల్ నేరము కాదని న్యాయాధిపతి రిచర్డ్ స్టెర్న్స్ ఆ యేడు డిసెంబరులో దానిని కొట్టివేసెను. ఆ సందును పూడ్చుటకై అమెరికా కాంగ్రెసు 1997లో క్రొత్త చట్టము చేసెను. 1999లో బోస్టను నగరమున షాన్ ఫానింగ్ అను విద్యార్థి నాప్‌స్టర్ అను సాధనమును సృజింపగా, వసతిగృహములనుండి పాటలు వరదవలె సాగెను. పెక్కు విశ్వవిద్యాలయముల నెట్‌వర్కులు క్రిక్కిరిసిపోయెను. 2001 జూలైలో కోర్టు ఉత్తరువుల వలన నాప్‌స్టర్ మూతపడినను అలవాటు మూతపడలేదు. 2003 ఏప్రిలులో సంగీత కంపెనీల సంఘము మూడు విద్యాలయములకు చెందిన నలుగురు విద్యార్థులపై దావాలు వేసెను. 2008లో వచ్చిన ఉన్నతవిద్యా చట్టము, విద్యార్థుల కొరకు ప్రభుత్వ ధనము పొందు విద్యాలయములన్నియు ఇట్టి పంపకము నరికట్టు ప్రణాళికలు కలిగియుండవలెనని విధించెను. విద్య చెప్పువారికి ఇట్లు కావలివాని యుద్యోగము కూడ లభించినది.

ఇచట నొక భేదమును గుర్తింపవలెను. పాట కట్టినవాడును, పాడినవాడును ఆ పాట వలన బ్రతుకుచున్నారు. వారి యనుమతి లేక దానిని పంచుట వారి కూటిని పంచుటయే. ఆ పంపకము వెంట మరియొక కీడును వచ్చును. దొంగచాటుగ వచ్చిన సాఫ్ట్‌వేరులో వైరసు దాగియుండి, ఒక గదిలోని కంప్యూటరునుండి వసతిగృహమంతటికిని ప్రాకగలదు. పరిశోధన వ్యాసము సంగతి వేరు. దానిని వ్రాసిన ఆచార్యునకు పత్రిక ప్రతిఫలమీయదు. దాని మంచిచెడ్డలు పరీక్షించి చెప్పు పండితుడును సామాన్యముగ వేతనము పొందడు. ఆ పరిశోధనకు వ్యయమైన ధనము పెక్కుచోట్ల ప్రజలు కట్టిన పన్నులనుండి వచ్చినదే. అచ్చయిన పిమ్మట ఆ వ్యాసమును విద్యాలయములు మరల వెలయిచ్చి కొనవలెను. పండించిన రైతే తన గాదెలోని గింజను తాను కొనుక్కొన్నట్లున్నది. విద్యాలయముతో సంబంధము లేని సామాన్యుడు ఆ గాదె వంక చూడనైనను లేడు.

ఈ యన్యాయమును చూచి కలతచెందినవాడు స్వార్ట్జ్. చిన్ననాడే కంప్యూటరు విద్యలో నారితేరినవాడు. 14 ఏండ్ల వయసున ఆర్.ఎస్.ఎస్. అను సాంకేతిక ప్రమాణపు రచనలో పాలుగొన్నవాడు. 2008లో అమెరికా కోర్టుల దస్తావేజులు, ఎవ్వరికిని కాపీరైటు లేనివి, పుటకింత యని రుసుము పెట్టి చూపుచుండగా, వానిలో సుమారు 27 లక్షల పత్రములను దింపి ప్రజల పరము చేసినవారిలో ఆతడొకడు. పోలీసులు విచారించిరి గాని నేరము మోపలేదు. ఆ యేడే ఆతడొక ప్రకటన వ్రాసి, విజ్ఞానమును బంధించు చట్టములను ధిక్కరించుట తగునని వాదించెను.

2010 సెప్టెంబరు చివర ఆతడు క్రొత్త ల్యాప్‌టాప్ ఒకటి తీసికొని ఎం.ఐ.టి. నెట్‌వర్కులో అతిథిగ చేరెను. ఆతడచటి విద్యార్థి కాడు; సమీపముననున్న హార్వర్డు విశ్వవిద్యాలయమున నొక పరిశోధక పదవి యందుండెను. ఎం.ఐ.టి. అతిథులకు తలుపు తెరచియుంచు సంస్థ. ఏడాదికి 14 దినములు ఎవ్వరైనను ఆ నెట్‌వర్కును వాడుకొనవచ్చును. స్వార్ట్జ్ నమోదు చేసికొన్న పేరు మాత్రము గ్యారీ హోస్ట్ అను కల్పితనామము. అచటినుండి జేస్టోర్ అను భాండారములోని వ్యాసములను, మనుష్యుడు చదువు వేగమున గాక, తాను వ్రాసిన చిన్న ప్రోగ్రాము చేత యంత్రవేగమున దింపసాగెను. 1995లో స్థాపింపబడిన జేస్టోర్ లాభములు పంచుకొను కంపెనీ కాదు. పాత పత్రికలను పుటపుటకు బొమ్మలు తీసి, చందా కట్టిన విద్యాలయములకు అందించు సేవాసంస్థ.

ఇక ఎత్తుకు పైయెత్తు మొదలైనది. నెట్‌వర్కులో ప్రతి కంప్యూటరునకు రెండు గుర్తులుండును. ఒకటి ఐ.పి. చిరునామా, ఇది సత్రములో నిచ్చు గదినంబరు వంటిది, నేడొకటి, రేపొకటి. రెండవది మ్యాక్ చిరునామా. ఇది పుట్టుమచ్చ వంటిది. ఐతే యీ పుట్టుమచ్చను తెలిసినవాడు మార్చుకొనగలడు. జేస్టోర్ గదినంబరును అడ్డగించెను. స్వార్ట్జ్ నంబరు మార్చెను. ఎం.ఐ.టి. పుట్టుమచ్చను అడ్డగించెను, ఆతడు పుట్టుమచ్చయు మార్చెను. దింపుడు వేగమునకు జేస్టోర్ యంత్రములు తట్టుకొనలేక తడబడెను. తుదకు అక్టోబరు 9వ తేదీ మొదలు కొన్ని దినములు జేస్టోర్ ఎం.ఐ.టి. కంతటికిని ద్వారము మూసివేసెను.

ఈ కడపటి విషయమును స్వార్ట్జ్ నభిమానించువారు తరచుగ మరతురు. ఆ దినములలో జేస్టోర్ వ్యాసమొకటి కావలసివచ్చిన ఎం.ఐ.టి. విద్యార్థి యెవడు ఏ నేరము చేసెను? అందరికి తలుపులు తెరచుటకు పూనుకొన్న కార్యము, అందున్నవారికే తలుపులు మూయించెను. నెట్‌వర్కు ఉమ్మడి చెరువు. ఒకడు ఎంత సదుద్దేశముతోనైనను గండి కొట్టినచో, నీరు తక్కువగునది ఊరివారికందరికిని.

నవంబరు, డిసెంబరు నెలలలో స్వార్ట్జ్ గాలిద్వారా గాక తీగద్వారా ప్రవేశించెను. 16వ నంబరు భవనము నేలమాళిగలో తీగలు, స్విచ్చులు ఉండు చిన్నగదియందు ల్యాప్‌టాప్‌ను దాచి, నెట్‌వర్కునకు నేరుగ తగిలించెను. 2011 జనవరి 4వ తేదీన ఉద్యోగులు దానిని కనుగొనిరి. తీసివేయక, కెమెరా నొకదానిని అమర్చిరి. దింపిన వానిని తీసికొనిపోవుటకు వచ్చినప్పుడు స్వార్ట్జ్ తన సైకిలు శిరస్త్రాణమును మొగమున కడ్డము పెట్టుకొనుట ఆ చిత్రములలో కనబడెను. జనవరి 6న పట్టుబడెను. ప్రభుత్వపు లెక్క ప్రకారము ఆతడు దింపిన వ్యాసములు సుమారు 48 లక్షలు.

జేస్టోర్ ఏమి చేసెను? తన వ్యాసములు తిరిగి తన వశమైనవనియు, లోకమున వెలువడలేదనియు నిశ్చయము చేసికొని, 2011 జూనులో స్వార్ట్జుతో రాజీపడెను. వ్యాజ్యము నడపుట తన కభిమతము కాదనెను. ఆ సెప్టెంబరులో సుమారు 5 లక్షల పురాతన వ్యాసములను, కాపీరైటు తీరిపోయిన వానిని, లోకమున కుచితముగ విడిచెను. నష్టపడినవాడు క్షమించెను, ప్రభుత్వము క్షమింపలేదు. దొంగతనము కంప్యూటరుతో చేసినను, గునపముతో చేసినను దొంగతనమే యని ఫెడరల్ ప్రాసిక్యూటరు కార్మెన్ ఓర్టిజ్ ప్రకటించెను. 35 ఏండ్ల చెర, 10 లక్షల డాలర్ల జుల్మానా వరకు శిక్ష పడవచ్చునని ఆమె కార్యాలయము 2011 జూలైలో తెలిపెను. 2012 సెప్టెంబరున అభియోగములు 13 ఘోరాపరాధములకు పెరిగెను. నేరము నంగీకరించినచో ఆరు నెలల చెరతో సరిపెట్టుదుమని రాజీమాట పంపిరి. చేసిన పని యొక్కటియే. ఒప్పుకొన్నవానికి ఆరు మాసములు, ఒప్పుకొననివానికి దశాబ్దముల భయము! ఇట్టి త్రాసుతో తూచునది న్యాయమా, బెదరింపా యని పాఠకులే యోచింపవలెను. ఆతని మరణానంతరము అభియోగములు ఉపసంహరింపబడెను.

స్వార్ట్జ్ తన ప్రకటనలో శాసనధిక్కారమును పేర్కొనెను. ఆ మాట యెత్తినంతనే మన దేశవాసికి 1930వ సంవత్సరము స్మరణకు వచ్చును. గాంధీమహాత్ముడు ఉప్పు చట్టమును ధిక్కరింపబోవుచు మార్చి 2వ తేదీననే వైస్రాయికి లేఖ వ్రాసి, తానేమి చేయబోవునదియు తెలిపెను. ఏప్రిలు 6న దండి తీరమున లోకమెల్ల చూచుచుండగా ఉప్పు నెత్తెను. పేరు మార్చుకొనలేదు, మొగము దాచుకొనలేదు. సత్యాగ్రహమునకు బలము ఆ వెలుతురునందే కలదు. ఆ యొరగంటిపై గీచినచో, మారుపేరును, నేలమాళిగ గదియు, అడ్డుపెట్టుకొన్న శిరస్త్రాణమును సత్యాగ్రహపు ఛాయలు కావు. ఇది చెప్పుట స్వార్ట్జును నిందించుటకు గాదు. ఆతని యుద్దేశమేమో కోర్టున తేలనేలేదు. దింపిన వ్యాసములను ఆతడు లోకమునకు వెలువరించియు నుండలేదు. ఐనను, నేడు ఏ వసతిగృహమునందో కూర్చుండి అదే మార్గమున నడువదలచు పిల్లలకు మేమీ మాట చెప్పక తప్పదు. చీకటిలో చేసిన ధిక్కారమునకు ప్రతివాది తన కిష్టమైన పేరు పెట్టగలడు. దానిని దొంగతనమనుట ఆతనికి సులభము.

ఇక విద్యాపీఠము మాట. ఎం.ఐ.టి. యేమి చేసెను? తటస్థముగ నుండెను. స్వార్ట్జ్ తండ్రి ఒక మాట సాయము చేయుడని వేడుకొన్నను, ఆ సంస్థ శిక్షింపుమనియు ననలేదు, విడువుమనియు ననలేదు. స్వార్ట్జ్ మరణానంతరము ఆచార్య హాల్ ఆబెల్సన్ అధ్యక్షతన ఒక సంఘము విచారించి 2013 జూలైలో నివేదిక సమర్పించెను. ఎం.ఐ.టి. తప్పుచేసినట్లు అది చెప్పలేదు గాని, ఇట్టి విషయములలో దారిచూపవలసిన సంస్థ ఆ యవకాశమును జారవిడిచెనా యని ప్రశ్నించెను. ఈ ప్రశ్న చిన్నది కాదు. 2001లోనే తన పాఠములను లోకమున కుచితముగ నిచ్చెదనని ప్రకటించిన సంస్థ యిది. తమ వ్యాసములు అందరికి నందుబాటులో నుండవలెనని 2009 మార్చిలో దాని యధ్యాపకులు ఏకగ్రీవముగ తీర్మానించిరి. అట్టి సంస్థ, అదే యాశయమునకై పెడదారి పట్టిన యొక యువకుని విషయమున నోరు మెదపకుండుట తటస్థతయా? ఏనుగు ఎలుక తోకపై కాలుమోపినప్పుడు తాను తటస్థుడనని చెప్పువానిని ఎలుక మెచ్చదు.

దీనికి ప్రతిగా మన దేశమున జరిగిన దొకటి చెప్పవలెను. ఢిల్లీ విశ్వవిద్యాలయ ప్రాంగణమున నొక చిన్న జిరాక్సు దుకాణము పాఠ్యగ్రంథములలోని భాగములను ప్రతులు తీసి విద్యార్థులకు అమ్ముచుండెను. ఆక్స్‌ఫర్డు, కేంబ్రిడ్జి, టేలర్ అండ్ ఫ్రాన్సిస్ ప్రచురణసంస్థలు 2012లో ఆ దుకాణముపైనను, విశ్వవిద్యాలయముపైనను దావా తెచ్చెను. విశ్వవిద్యాలయము దుకాణదారు నొంటరిగ విడిచి తప్పించుకొనలేదు. కోర్టున నిలిచి తన పద్ధతిని సమర్థించుకొనెను. విద్యార్థులు సంఘముగ నేర్పడి, తమ పేర్లతో, తమ మొగములతో వ్యాజ్యమున చేరిరి. బోధనకై ప్రతులు తీయుటను కాపీరైటు చట్టము 52వ సెక్షను అనుమతించుచున్నదని 2016 సెప్టెంబరు 16న న్యాయమూర్తి రాజీవ్ సహాయ్ ఎండ్లా ఆ దావాను కొట్టివేసెను. డిసెంబరు 9న ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనము ఆ సూత్రమును నిలిపి, కొన్ని వాస్తవాంశములను మాత్రము తిరిగి విచారణకు పంపెను. 2017లో ప్రచురణకర్తలే దావాను విడుచుకొనిరి. ఒక యంత్రము, ఒక చిన్న దుకాణము, కొందరు విద్యార్థులు, వారి ప్రక్కన నిలిచిన విద్యాలయము: నేలమాళిగ గది సాధింపలేనిది వీరు పట్టపగలు కోర్టు హాలున సాధించిరి.

ఇందుమీద నెట్‌వర్కునకు కావలి యక్కరలేదని యెవ్వరును భ్రమపడరాదు. విద్యార్థుల మార్కులు, ఆచార్యుల పరిశోధనలు, ఉద్యోగుల జీతముల లెక్కలు అన్నియు ఆ తీగలమీదనే నడచుచున్నవి. తీగల గదికి తాళముండవలెను. చేరువారు ఎవరో తెలియవలెను. ఒకే కంప్యూటరు క్షణక్షణమునకు వ్యాసముల దింపుచుండినచో, విద్యాలయమంతటికి తలుపు మూయుటకు ముందు ఆ యొక్క కంప్యూటరు వేగమును తగ్గించు నేర్పు కావలెను. స్వార్ట్జ్ పక్షమున సాక్ష్యము చెప్పవలసియున్న భద్రతానిపుణుడు అలెక్స్ స్టామోస్, ఎం.ఐ.టి. నెట్‌వర్కు బుద్ధిపూర్వకముగ తెరచియుంచబడినదనియు, ఆ భవనపు గది తాళము లేనిదనియు, జేస్టోర్ దింపుడునకు మితి పెట్టలేదనియు చెప్పెను. స్వార్ట్జ్ చేసినది మర్యాద కాదని యొప్పుకొనియే, అది ఇంతటి నేరము కాదనెను. తాళము వేయుట మరచినవాడు, వచ్చినవానికి ఉరిత్రాడు పేనుట ధర్మము కాదు.

అమెరికాయు కొంత నేర్చుకొన్నది. స్వార్ట్జుపై ప్రయోగింపబడిన 1986 నాటి కంప్యూటరు మోసముల చట్టమును సవరించుటకై ఆతని పేరిట వచ్చిన బిల్లు నెగ్గలేదు. ఐనను 2021 జూనులో సుప్రీంకోర్టు ఆ చట్టపు పరిధిని కుదించి, తనకు ప్రవేశాధికారము గల సమాచారమును తగని పనికి వాడినంతమాత్రమున ఆ చట్టము క్రింద నేరము కాదనెను. ప్రజాధనముతో జరిగిన పరిశోధనా ఫలములను ఆలస్యము లేక ప్రజలకు ఉచితముగ నీయవలెనని 2022లో శ్వేతసౌధము ఆదేశించెను. స్వార్ట్జ్ కోరినదానిలో కొంత భాగము ఆతడు పోయిన పిదప రాజమార్గముననే వచ్చినది.

మన ప్రభుత్వము 2024 నవంబరు 25న 'ఒక దేశము – ఒక చందా' అను పథకము నంగీకరించెను. మూడేండ్లకు 6,000 కోట్ల రూపాయలు. 30 మంది ప్రచురణకర్తలు. సుమారు 13,000 పత్రికలు. 6,300కు పైబడిన ప్రభుత్వ సంస్థలు. వానియందలి సుమారు 1 కోటి 80 లక్షల మంది చదువరులు. ఇది కొనియాడదగిన పని. కాని ఈ జాబితా ప్రభుత్వ సంస్థలతో మొదలైనది. మన తెలుగునాట ఊరూర వెలసిన ప్రైవేటు ఇంజనీరింగు కళాశాలల విద్యార్థి మాట యేమి? పల్లెటూరి బడిపంతులు మాట యేమి? ఏ కొలువునందును లేక స్వయముగ పరిశోధించు పండితుని మాట యేమి? గ్రంథాలయోద్యమము నూరేండ్లకు పూర్వమే పుస్తకమును పల్లెకు మోసికొనిపోయిన దేశము మనది. పడవలమీద సయితము గ్రంథములు పంపినవారి మనుమలము, మీట నొక్కిన వచ్చు వ్యాసమును గుమ్మము వెలుపల నిలుపుట సబబా?

సై-హబ్‌ను అడ్డగించిన ఉత్తరువును గౌరవింపవలసినదే. మన సమాచార సాంకేతిక చట్టము 66వ సెక్షను అనుమతి లేని ప్రవేశమునకు మూడేండ్ల చెర వరకు విధించుచున్నదని విద్యార్థులు మరువరాదు. మారుపేరుతో ఒక రాత్రి చేసిన పని ఒక జీవితకాలమును మ్రింగగలదు. ఆ బిడ్డలకు మా హితవిదే: అడుగుడు, వ్రాయుడు, సంఘముగ కూడుడు, కోర్టుకెక్కుడు, కాని చీకటిగదిలోనికి పోకుడు.

విద్యాపీఠములను నడపు పెద్దలకు చెప్పవలసినది అంతకంటె ముఖ్యము. మీ నెట్‌వర్కునకు తాళము వేయుడు. కాని తాళపుచెవి యెవరికొరకు దాచియుంచితిరో మరువకుడు. పిల్లవాడు తప్పుచేసినపుడు మొదట పిలిచి మాటాడుడు. పోలీసులను పిలుచుట కడపటి పని కావలెను. విజ్ఞానమునకు కంచె వేసినవారికిని, ఆ కంచె దాటినవానికిని వివాదము వచ్చినపుడు విద్యాలయము తటస్థమని చెప్పుకొనరాదు. తటస్థముగ నుండుటకు అది ఒడ్డున లేదు. ఆ యేటి నడుమనే యున్నది.